ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి కొత్త కంట్రిబ్యూటర్లు రావాలంటే, వచ్చినవాళ్లు నిలవాలంటే

"కంట్రిబ్యూటర్లు కావాలి" అని రీడ్‌మీ (ప్రాజెక్టుని పరిచయం చేసే ఫైలు) అడుగున ఒక లైన్ రాసి, అప్పుడప్పుడూ సోషల్ మీడియాలో పోస్టు పెట్టి, ఎవరో ఒకరు వస్తారని నేను రెండేళ్లు ఎదురుచూశాను. నాది చిన్న టూల్. సబ్‌టైటిల్ ఫైళ్లను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మారుస్తుంది, పైథాన్‌లో రాసింది. వాడేవాళ్లు బాగానే ఉన్నారు, ఇష్యూలు (బగ్ రిపోర్టులు, అభ్యర్థనలు) వస్తూనే ఉండేవి, కోడ్ మాత్రం నేనొక్కదాన్నే రాసేదాన్ని. ఎవరూ రావట్లేదని దిగులుగా ఉండేది.

ఒకరోజు పాత పుల్ రిక్వెస్టులన్నీ, అంటే తమ మార్పుని ప్రాజెక్టులో కలపమని బయటివాళ్లు పంపినవన్నీ, ముందేసుకుని చదివాను. నేననుకున్నది నిజం కాదు, వాళ్లు వచ్చారు. పదకొండు మంది వచ్చారు. అందులో ఏడుగురికి నేను మొదటి జవాబు ఇచ్చేసరికే రెండు వారాలు దాటింది. ఆ ఏడుగురిలో ఒక్కరు కూడా మళ్లీ కనిపించలేదు.

అందుకే ఈ గైడ్ ప్రచారంతో మొదలవదు. మనుషుల్ని ఎక్కడినుంచి పిలవాలనేది ఆరో అడుగులో వస్తుంది. దానికంటే ముందు, ఇప్పటికే మీ గుమ్మం దాకా వచ్చినవాళ్లు ఎక్కడ ఆగి వెనక్కి వెళ్లిపోతున్నారో చూడాలి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను: కొత్త కంట్రిబ్యూటర్లు ఎంతమంది వచ్చారని లెక్కపెట్టకండి, రెండో ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. ఒక అక్షరదోషం దిద్ది వెళ్లిపోయినవాళ్ల పనికి కూడా విలువ ఉంది, కాదనను, కానీ మీ భుజం మీద బరువు తగ్గేది రెండోసారి వచ్చినవాళ్ల వల్లే.

1. ముందు మీ లెక్క మీరు చూసుకోండి

గత ఏడాదిలో బయటివాళ్లు పంపిన పుల్ రిక్వెస్టులన్నిటినీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టండి, బాట్‌లు పంపినవి తీసేసి. ఒక్కోదానికి నాలుగే విషయాలు రాయండి: మనిషి నుంచి మొదటి జవాబు ఎన్ని రోజులకి వెళ్లింది, మెర్జ్ అయిందా (ప్రాజెక్టులో కలిసిందా), కాకపోతే ఎందుకు ఆగింది, ఆ వ్యక్తి మళ్లీ వచ్చారా. సగటు ప్రాజెక్టుకి ఇది ఒక సాయంత్రం పని.

ఆ తర్వాత ఇష్యూల్లోకి వెళ్లి "ఇది నేను చేస్తాను" అని ఎవరో అన్నాక కబురు లేకుండా పోయిన చోట్లు వెతకండి. అక్కడే అసలు సమాచారం ఉంటుంది. వాళ్లు చివరగా అడిగిన ప్రశ్న ఏమిటి? దానికి ఎవరైనా జవాబిచ్చారా? నా ప్రాజెక్టులో అలాంటివి ఆరు దొరికితే, నాలుగింట్లో చివరి కామెంటు "టెస్టులు నా దగ్గర రన్ కావట్లేదు" అనే. మూడో అడుగు మీద నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

2. లైసెన్స్, ప్రవర్తనా నియమావళి

ఇది త్వరగా అయిపోయే పని, కానీ వదిలేస్తే కుదరదు. లైసెన్స్ ఫైలు లేని కోడ్ అందరికీ కనిపిస్తుందే తప్ప, దాన్ని మార్చి పంచుకునే హక్కు ఎవరికీ ఉండదు, కాపీరైట్ మామూలుగానే వర్తిస్తుంది. ఉద్యోగం చేసే డెవలపర్లలో చాలామంది లైసెన్స్ లేని ప్రాజెక్టుని ముట్టుకోరు. ఎంఐటీ, అపాచీ 2.0, జీపీఎల్, ఏదో ఒకటి ఆలోచించి పెట్టండి, సొంతంగా మాత్రం రాయకండి.

ప్రవర్తనా నియమావళికి 2014లో వచ్చిన కంట్రిబ్యూటర్ కోవెనెంట్ అనే నమూనాని చాలా ప్రాజెక్టులు అలాగే తీసుకుంటాయి. తీసుకున్నాక అందులో ఫిర్యాదు ఎవరికి పంపాలో ఈమెయిల్ రాసే చోటు ఒకటి ఉంటుంది, అది నింపకుండా వదిలేసిన ప్రాజెక్టులు బోలెడు చూశాను. నింపండి, ఆ మెయిల్ బాక్స్ చూసే మనిషి నిజంగా ఉండాలి.

సంతకం పెట్టించుకునే కంట్రిబ్యూటర్ ఒప్పందాలు చిన్న ప్రాజెక్టుకి అక్కర్లేదని నా అభిప్రాయం. రెండు లైన్ల ప్యాచ్ పంపడానికి వచ్చిన మనిషికి న్యాయపత్రం చేతిలో పెడితే అక్కడే ఆగిపోతారు. కోడ్ ఎక్కడినుంచి వచ్చిందో రికార్డు కావాలనుకుంటే 2004లో లినక్స్ కెర్నల్ మొదలుపెట్టిన డీసీఓ (డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్) పద్ధతి ఉంది. కమిట్ చేసేటప్పుడు, అంటే మార్పుని గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) నమోదు చేసేటప్పుడు, ఒక ఆప్షన్ ఇస్తే చాలు, "సైన్డ్-ఆఫ్-బై" అని పేరూ ఈమెయిలూ దానంతటదే చేరుతుంది.

3. సెటప్: పదిహేను నిమిషాల్లో టెస్టులు రన్ కావాలి

నా లెక్క చూసుకున్న వారంలోనే, చాలా ఏళ్ల అనుభవం ఉన్న ఒక స్నేహితుణ్ణి అడిగాను: నా ప్రాజెక్టుని నీ మెషీన్ మీద సెటప్ చేసి టెస్టులు రన్ చెయ్యి, స్క్రీన్ షేర్ పెట్టు, నేను ఒక్క మాట కూడా మాట్లాడను. అతనిది విండోస్ మెషీన్, నాది లినక్స్.

రీడ్‌మీలో "డిపెండెన్సీలు ఇన్‌స్టాల్ చేసుకోండి" అని నేనే రాశాను. రిపాజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) రిక్వైర్‌మెంట్స్ ఫైళ్లు, అంటే కావాల్సిన లైబ్రరీల జాబితాలు, రెండున్నాయి, ఏది ఇన్‌స్టాల్ చేయాలో రాయలేదు. అతను మొదటిది ఎంచుకున్నాడు. తప్పు ఫైలు అది, పాతది, తీసేయడం మర్చిపోయాను. పన్నెండు నిమిషాలు అక్కడ పోయాయి. తర్వాత టెస్టులు రన్ చేస్తే "సిస్టమ్‌కి ఆ ఫైల్ దొరకలేదు" అని ఎర్రర్ వచ్చింది. ఏ ఫైలో ఎర్రర్‌లో లేదు. నాకు తెలుసు అది ఏమిటో: వీడియోలోంచి సబ్‌టైటిల్స్ బయటికి తీసే టెస్టులకి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్ కావాలి, నా మెషీన్‌లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎక్కడా రాయాలని తోచలేదు. లినక్స్‌లో అయితే అదే ఎర్రర్ ప్రోగ్రామ్ పేరు చెబుతుంది, విండోస్‌లో చెప్పదు. అతను ఇరవై నిమిషాలు నా టెస్ట్ డేటా ఫోల్డర్ అంతా గాలించాడు. మాట్లాడనని మాటిచ్చాను కాబట్టి నోరు కట్టుకుని కూర్చున్నాను. అది దాటాక ఇంకో తొమ్మిది టెస్టులు ఫెయిల్. గిట్ విండోస్‌లో లైన్ ఎండింగ్స్ (లైన్ చివర కంటికి కనిపించని గుర్తులు) మార్చేయడంతో, నా శాంపిల్ ఫైళ్లు బైట్ టు బైట్ సరిపోలట్లేదు. మొత్తం గంటా పది నిమిషాలు. చివర్లో అతను అన్న మాట ఇది: "నువ్వు అడిగావని కూర్చున్నాను, లేకపోతే ఆ ఫైల్ ఎర్రర్ దగ్గరే మూసేసేవాణ్ణి."

ఈ ప్రయోగం మీరూ చేయండి. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంత నేర్పే పని ఇంకోటి నాకు తెలియదు. రూల్ ఒక్కటే: మీరు మాట్లాడకూడదు. ఎక్కడ నోరు తెరవాలనిపిస్తుందో అక్కడ మీ డాక్యుమెంటేషన్‌లో ఒక లైన్ తక్కువైందని అర్థం, అది రాసుకోండి.

నేను ఆ తర్వాత చేసినవి చెబుతాను. సెటప్ అంతా ఒకే కమాండ్‌లోకి తెచ్చాను, టెస్టులు ఇంకో కమాండ్. ఎఫ్ఎఫ్ఎంపెగ్ లేకపోతే ఆ టెస్టులు ఫెయిల్ కాకుండా స్కిప్ అవుతాయి, ఎందుకు స్కిప్ అయ్యాయో ఒక వాక్యం ప్రింట్ అవుతుంది. గిట్‌అట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, శాంపిల్ ఫైళ్ల లైన్ ఎండింగ్స్ ఎవరి మెషీన్‌లోనూ మారకుండా చేశాను. సీఐలో (ప్రతి మార్పు మీదా టెస్టులు దానంతటదే రన్ చేసే ఏర్పాటు) విండోస్‌ని కూడా చేర్చాను. తమ మెషీన్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోవడం ఇష్టం లేనివాళ్ల కోసం డెవ్‌కంటెయినర్ ఫైలు ఒకటి పెట్టాను, దానితో, కోడ్ ఉంచుకునే సైటు గిట్‌హబ్ వాళ్ల కోడ్‌స్పేసెస్‌లో, బ్రౌజర్‌లోనే ప్రాజెక్టు తెరుచుకుంటుంది. మీ ప్రాజెక్టు పెద్దదైతే, బిల్డ్‌కే గంట పడుతుంటే, పదిహేను నిమిషాలు సాధ్యం కాకపోవచ్చు. అప్పుడు కనీసం ఒక మూల అయినా వెతకండి, డాక్యుమెంటేషన్ సైటో ఒక చిన్న ప్లగిన్నో, పూర్తి బిల్డ్ లేకుండా పని చేయగలిగేది.

సెటప్ సూచనల చివర ఈ లైన్ కూడా చేర్చండి: "ఇందులో ఎక్కడైనా ఆగిపోతే, ఆ చోటు సరిచేస్తూ మీరు పంపే మార్పే మీ మొదటి ప్యాచ్ కావచ్చు." సెటప్‌లో తట్టుకున్న రాయి కొత్తవాళ్లకే కనిపిస్తుంది, మనకి ఎప్పుడో అలవాటైపోయి ఉంటుంది.

4. రీడ్‌మీ, కంట్రిబ్యూటింగ్ ఫైలు

రీడ్‌మీ మొదటి స్క్రీన్‌లో మూడు విషయాలు తెలియాలి: ఇది ఏం చేస్తుంది, ఎవరికి పనికొస్తుంది, ప్రాజెక్టు ప్రాణంతో ఉందా లేదా. మూడోది చాలామంది రాయరు. "ఇద్దరం చూసుకుంటున్నాం, వారాంతాల్లో రివ్యూ చేస్తాం, ప్రస్తుతం ఫలానా పని మీద ఉన్నాం" అని రాస్తే వచ్చినవాళ్లకి ఎవరితో మాట్లాడుతున్నామో తెలుస్తుంది.

కంట్రిబ్యూటింగ్ ఫైలుని రిపాజిటరీ పై ఫోల్డర్లోనో, డాక్స్ ఫోల్డర్లోనో, డాట్ గిట్‌హబ్ ఫోల్డర్లోనో పెడితే, ఎవరైనా ఇష్యూ గానీ పుల్ రిక్వెస్ట్ గానీ తెరిచినప్పుడు గిట్‌హబ్ దాని లింకు చూపిస్తుంది. దాన్ని పొడుగు చేయకండి. సెటప్ కమాండ్లు, టెస్ట్ ఎలా రన్ చేయాలి, ప్రశ్నలు ఎక్కడ అడగాలి, జవాబు ఎన్నాళ్లలో వస్తుంది, ఏ రకం మార్పులు మీరు తీసుకోరు. చివరిది మొహమాటపడకుండా రాయండి. నా దాంట్లో "కొత్త గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ ఈ ప్రాజెక్టులోకి తీసుకోం, పెద్ద రీఫ్యాక్టరింగ్ (ఉన్న కోడ్‌ని తిరిగి సర్దడం) చేయాలనుకుంటే ముందు ఇష్యూలో మాట్లాడండి" అని ఉంది. ఎవరో మూడు వారాంతాలు కూర్చుని రాసిన కోడ్‌ని వద్దనడం ఇద్దరికీ బాధే.

ప్రశ్నలు అడిగే చోటు వెతికితే దొరికేలా, బయటివాళ్లకి కనిపించేలా ఉండాలి. చాట్ కావాలంటే చాట్ పెట్టుకోండి, కానీ నిర్ణయాలు చాట్‌లో జరిగి ఇష్యూలో కనిపించకపోతే కొత్తవాళ్లకి తలుపులు మూసిన గదిలా అనిపిస్తుంది. నిర్ణయం ఎక్కడ జరిగినా, దాని సారాంశం రెండు లైన్లు ఇష్యూలో రాయండి.

5. మొదటి పనులు రాసి పెట్టండి

"గుడ్ ఫస్ట్ ఇష్యూ" లేబుల్ అందరికీ తెలిసిందే. ఆ లేబుల్ ఉన్నవాటిని గిట్‌హబ్ మీ రిపాజిటరీలో ఒక ప్రత్యేక పేజీలో పోగుచేసి చూపిస్తుంది, రిపాజిటరీ అడ్రస్ చివర స్లాష్ కంట్రిబ్యూట్ అని కొడితే వస్తుంది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో తన ఇష్యూ ట్రాకర్‌లో ఇలాంటివాటికి "ఈజీ పికింగ్స్" అని గుర్తు పెడుతుంది. లేబుల్ తగిలించడం తేలికే. దాని కింద ఏం రాశామన్నదే ముఖ్యం.

నా ప్రాజెక్టులో ఆ లేబుల్‌తో ఒక ఇష్యూ ఎనిమిది నెలలు పడి ఉంది. అందులో మొత్తం ఉన్నది ఇంతే: "బీఓఎం ఉన్న ఫైళ్లు సరిగా పార్స్ కావట్లేదు." ఇది నాకు అర్థమవుతుంది. కొత్తగా వచ్చిన మనిషికి ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. తర్వాత దాన్నే ఇలా తిరగరాశాను:

"కొన్ని ఎడిటర్లు, ముఖ్యంగా విండోస్‌లోని పాత నోట్‌ప్యాడ్, ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చేసేటప్పుడు మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్లు చేరుస్తాయి. దాన్నే బీఓఎం అంటారు. ఎస్ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైల్లో మొదటి లైన్ 1 అనే అంకె అయి ఉండాలి, కానీ దాని ముందు ఈ గుర్తు ఉండటంతో మన పార్సర్ (ఫైలుని చదివి విడదీసే కోడ్) దాన్ని అంకెగా గుర్తించక, మొదటి సబ్‌టైటిల్‌ని వదిలేస్తోంది.

జరగాల్సింది: బీఓఎం ఉన్నా లేకపోయినా మొదటి సబ్‌టైటిల్ రావాలి. చూడాల్సిన చోటు: రీడర్ ఫైల్లో ఫైలు తెరిచే ఫంక్షన్. ఇప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇస్తున్నాం. పైథాన్‌లో యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్ ఉంది, అది బీఓఎం ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుతుంది. టెస్ట్: శాంపిల్స్ ఫోల్డర్లో బీఓఎం ఉన్న ఫైలు ఒకటి చేర్చి, ఖాళీ లైన్ల టెస్ట్ ఎలా ఉందో అలాగే ఇంకోటి రాయండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, ఎంత చిన్న ప్రశ్నైనా పర్లేదు."

ఇలా రాయడానికి నాకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆ ఫిక్స్ నేనే చేస్తే అయిదు నిమిషాలు. చాలామంది మెయింటెయినర్లు (ప్రాజెక్టుని చూసుకునేవాళ్లు) ఇక్కడే "నేనే చేసేస్తే పోలా" అనుకుంటారు, ఆ ఆలోచన నాకూ ప్రతిసారీ వస్తుంది. కానీ ఆ ఇరవై నిమిషాల తేడా మీరు బగ్ మీద పెట్టట్లేదు, ఒక మనిషి మీద పెడుతున్నారు. తిరగరాసిన నాలుగో రోజున ఒకమ్మాయి దాన్ని తీసుకుంది. ఆమె ఇప్పటికి పద్నాలుగు ప్యాచ్‌లు పంపింది.

కొన్ని జాగ్రత్తలు. అర్జెంటు పనులకి ఈ లేబుల్ వద్దు, కొత్తవాళ్లకి టైమ్ పడుతుంది, మీకు టెన్షన్ పెరుగుతుంది, చివరికి మీరే చేసేస్తారు, వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. విసుగుపుట్టే పనులన్నీ కూడా దీనికింద తోసేయకండి, ఎవరికీ ఇష్టంలేని పని కొత్తవాళ్లకి మాత్రం ఎందుకు ఇష్టమవుతుంది? ఎప్పుడూ నాలుగైదు సిద్ధంగా ఉంచండి, ఒకటి పోగానే ఇంకోటి రాయండి. ఎవరైనా తీసుకున్నాక రెండు వారాలు కబురు లేకపోతే "ఇంకా చేస్తున్నారా, సాయం కావాలా" అని అడిగి, జవాబు రాకపోతే ఇంకొకరికి వదలండి. ఈ రూల్ కంట్రిబ్యూటింగ్ ఫైల్లో ముందే ఉంటే ఎవరూ నొచ్చుకోరు.

కోడ్ కాని పనులు కూడా రాసి పెట్టండి: బగ్ రిపోర్టు నిజమో కాదో రన్ చేసి చెప్పడం, ఎర్రర్ మెసేజ్‌లు తేలిక మాటల్లోకి మార్చడం, ఉదాహరణలు రాయడం, అనువాదం. అనువాదాలకి వెబ్‌లేట్ లాంటివి వాడితే గిట్ తెలియనివాళ్లు కూడా బ్రౌజర్లోనే చేయగలరు. బగ్‌ని మళ్లీ రప్పించి చూపించే పని చేసినవాళ్లు ప్రాజెక్టుని లోతుగా నేర్చుకుంటారని నా అనుభవం, వాళ్లలోంచే మంచి మెయింటెయినర్లు తయారవుతారు.

6. ఇప్పుడు పిలవండి, ముందు వాడుతున్నవాళ్లనే

కంట్రిబ్యూటర్లని ఎక్కడో వెతకక్కర్లేదు. మీ టూల్ వాడుతూ, ఏదో పనిచేయక, విసుగొచ్చి, అయినా టైమ్ తీసుకుని వివరంగా ఇష్యూ రాసిన మనిషి ఉన్నారు చూడండి, వాళ్లకంటే మంచి అభ్యర్థి లేరు. ఆ బగ్ పోతే వాళ్లకే లాభం. అలాంటి ఇష్యూ వచ్చినప్పుడు నేను ఇలా రాస్తాను: "చక్కగా వివరించారు, నా దగ్గర కూడా ఇదే వస్తోంది. తప్పు ఫలానా ఫైల్లో ఫలానా ఫంక్షన్‌లో ఉందనుకుంటున్నాను. మీరే ప్రయత్నిస్తారా? దారి నేను చూపిస్తాను. వీలుకాకపోతే ఏం పర్లేదు, వచ్చే వారం నేనే చూస్తాను." ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. అది లేకపోతే "నీ బగ్ నువ్వే సరిచేసుకో" అన్నట్టు వినిపిస్తుంది.

బహిరంగంగా అందరినీ ఉద్దేశించి పిలిస్తే ఎవరూ కదలరు, పేరు పెట్టి ఒకరిని ఒక పని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. రిలీజ్ నోట్స్ చివర "వచ్చే వెర్షన్‌కి ఈ మూడు పనుల్లో సాయం కావాలి" అని లింకులు ఇవ్వండి, వాటిని చదివేది మీ వాడుకర్లే.

బయటి దారులు కూడా ఉన్నాయి. అప్ ఫర్ గ్రాబ్స్, కోడ్‌ట్రయాజ్ లాంటి సైట్లలో ప్రాజెక్టుని చేర్చడం తేలిక. సమావేశాల తర్వాత జరిగే స్ప్రింట్లు, పైథాన్ వాళ్ల సమావేశం పైకాన్‌లో జరిగేలాంటివి, చాలా మంచివి, ఎందుకంటే పక్కన కూర్చుని చూపించవచ్చు. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అలాగే అవుట్‌రీచీ, కొత్తవాళ్లకి స్టైపెండ్ ఇచ్చి నెలల తరబడి పనిచేయిస్తాయి, కానీ వాటికి వారం వారం టైమ్ ఇవ్వగల మెంటర్ కావాలి. ఆ టైమ్ లేకుండా దరఖాస్తు చేయకండి, నష్టపోయేది నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు.

హ్యాక్టోబర్‌ఫెస్ట్ గురించి ఒక మాట. అక్టోబరు నెలలో పుల్ రిక్వెస్టులు పంపమని ప్రోత్సహిస్తూ క్లౌడ్ సంస్థ డిజిటల్ఓషన్ 2014లో మొదలుపెట్టిన ఈ కార్యక్రమం వల్ల చాలామంది మొదటి పుల్ రిక్వెస్ట్ పంపారు. 2020లో మాత్రం టీషర్టు కోసం రీడ్‌మీలో ఒక పదం మార్చి పంపేవాళ్లతో మెయింటెయినర్లు తల పట్టుకున్నారు. దాంతో ఆ నెలలోనే రూల్ మార్చారు: తమంతట తాము ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవడం మొదలైంది. బహుమతి కోసం వచ్చే గుంపు వేరు, మీ టూల్ మీద ఆసక్తితో వచ్చే మనిషి వేరు. ఆ నెలంతా రోజూ రివ్యూ చేసే ఓపిక ఉంటేనే పాల్గొనండి.

7. మొదటి జవాబు రెండు రోజుల్లో

ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు తమ కంట్రిబ్యూటర్ల డేటా చూసుకున్నప్పుడు తేలిన విషయం: మొదటి ప్యాచ్‌కి 48 గంటల్లోపు రివ్యూ అందుకున్నవాళ్లు తిరిగి రావడం చాలా ఎక్కువ, ఏడు రోజులు దాటాక అందుకున్నవాళ్లు తిరిగి రావడం దాదాపు సున్నా. నా ఏడుగురి కథ కూడా అదే చెప్పింది. ఈ గైడ్‌లో ఒక్కటే పాటించగలనంటే ఇది పాటించండి.

రెండు రోజుల్లో పూర్తి రివ్యూ చేయాలని కాదు. "చూశాను, థాంక్స్, శనివారం కూర్చుని వివరంగా చదువుతాను" అన్నా చాలు, అన్న శనివారం చదవాలి. బాట్‌తో పంపే ఆటోమేటిక్ స్వాగతం దీని బదులు పనిచేయదు, అది మనిషి కాదని అందరికీ తెలుసు.

ఒక చిన్న సాంకేతిక అడ్డంకి చాలామంది కంట పడదు. గిట్‌హబ్ వాళ్ల సీఐ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో 2021 నుంచి, మొదటిసారి పంపినవాళ్ల పుల్ రిక్వెస్ట్ మీద సీఐ తనంతట తాను రన్ కాదు, మెయింటెయినర్ అనుమతి బటన్ నొక్కాలి. సీఐని క్రిప్టో మైనింగ్‌కి వాడుకోవడం ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది. పంపినవాళ్లు టెస్టులు పాసవుతాయా లేదా అని ఎదురుచూస్తుంటారు, మీరు "సీఐ పూర్తయ్యాక చూద్దాం" అని ఎదురుచూస్తుంటారు, బటన్ ఎవరూ నొక్కరు. రోజుకోసారి ఫోన్లో అయినా చూసి, మార్పులో అనుమానించాల్సింది ఏమీ లేకపోతే నొక్కేయండి.

ఇక రివ్యూ ఎలా రాయాలి? "ఇది మా స్టైల్ కాదు, మార్చండి" అనే కామెంటు చూసి నేనే ఒక ప్రాజెక్టులోంచి బయటికి వచ్చేశాను. స్టైల్ ఏమిటో ఎక్కడా రాసి లేదు, అడగాలంటే మొహమాటం. మీ ప్రాజెక్టులో ఆ పరిస్థితి రానివ్వకండి. ఖాళీలు, కొటేషన్ గుర్తులు, ఇంపోర్టుల వరస లాంటివన్నీ బ్లాక్, రఫ్ లాంటి టూల్స్‌కి అప్పగించండి, మనుషుల మధ్య వాటి గురించి మాటే రాకూడదు. కామెంటు ఇలా ఉండొచ్చు: "ఫిక్స్ పనిచేస్తోంది, నా దగ్గర రన్ చేసి చూశాను. మెర్జ్ చేయడానికి ఒక్కటే మిగిలింది: ఫైలు ఖాళీగా ఉంటే ఈ లైన్లో ఎర్రర్ వస్తుంది. దానికి ఒక చెక్, ఒక టెస్ట్ కలపండి. మిగతా రెండు కామెంట్లు నా సలహాలే, వద్దనుకుంటే వదిలేయండి." తప్పనిసరి ఏది, ఐచ్ఛికం ఏది అని విడదీసి చెప్పడం వల్ల ఎదుటివాళ్లకి ఎంత దూరం మిగిలిందో తెలుస్తుంది.

మొదటి ప్యాచ్‌కి రెండు విడతలకి మించి రివ్యూ పెట్టుకోకండి. అప్పటికీ చిన్నచిన్నవి మిగిలితే, అనుమతి అడిగి మీరే సరిచేసి మెర్జ్ చేయండి. కానీ వాళ్ల పుల్ రిక్వెస్ట్ మూసేసి, అదే ఆలోచనని మీ పేరుతో తిరగరాసి కమిట్ చేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. తప్పనిసరిగా తిరగరాయాల్సి వస్తే "కో-ఆథర్డ్-బై" లైన్‌తో వాళ్ల పేరు కమిట్‌లో ఉంచండి.

తీసుకోలేని ప్యాచ్‌కి వెంటనే కారణంతో సహా వద్దని చెప్పండి. నెలలపాటు నానబెట్టి చివరికి స్టేల్ బాట్‌తో (చాలాకాలం కదలనివాటిని దానంతటదే మూసేసే ప్రోగ్రామ్) మూయించడం కంటే అది ఎంతో గౌరవం.

ఏఐతో రాయించి, తాము చదవకుండానే పంపేస్తున్న ప్యాచ్‌లు ఇప్పుడు ప్రతి మెయింటెయినర్‌కీ వస్తున్నాయి. నేను పాటించే పద్ధతి: టూల్ ఏది వాడారన్నది అడగను, "ఈ లైన్ ఎందుకు ఇలా రాశారు" అని ఒక ప్రశ్న అడుగుతాను. తమ మాటల్లో జవాబు చెప్పినవాళ్లతో ముందుకు వెళ్తాను, చెప్పలేకపోతే మర్యాదగా మూసేస్తాను. పంపినవాళ్లు తమ కోడ్‌ని వివరించగలగాలి అన్న నియమం కంట్రిబ్యూటింగ్ ఫైల్లో రాసి ఉంది కాబట్టి వాదన రాదు.

8. మెర్జ్ చేసిన రోజే రెండో పని చూపించండి

మెర్జ్ బటన్ నొక్కి ఊరుకోకండి. వాళ్ల మార్పు ఎవరికి ఉపయోగపడుతుందో ఒక వాక్యంలో చెప్పండి: "ఈ బగ్ వల్ల మొదటి డైలాగు పోతోందని ముగ్గురు ఇష్యూలు పెట్టారు, వాళ్లందరికీ ఇప్పుడు పనిచేస్తుంది." చేంజ్‌లాగ్‌లో (ప్రతి వెర్షన్‌లో వచ్చిన మార్పుల జాబితా) పేరు రాయండి. ఆల్ కంట్రిబ్యూటర్స్ పద్ధతి పాటిస్తే డాక్యుమెంటేషన్, అనువాదం, బగ్ రిపోర్టులు చేసినవాళ్ల పేర్లు కూడా రీడ్‌మీలోకి వస్తాయి. రిలీజ్ తొందరగా చేయండి, తాము రాసింది రిలీజ్‌లో చూసుకోవడం ఎవరికైనా సంతోషం, దానికి ఆరు నెలలు ఆగమనడం అన్యాయం.

అదే కామెంట్‌లో తర్వాతి పని చెప్పండి. మొదటిదానికి ఆనుకుని ఉన్నది, కాస్త పెద్దది. బీఓఎం ఫిక్స్ చేసిన అమ్మాయికి నేను రాసింది: "మీరిప్పుడు రీడర్ ఫైలు చదివారు కాబట్టి అడుగుతున్నాను. యూటీఎఫ్-16 ఫైళ్లకి మనం ఇంకా సరైన ఎర్రర్ కూడా ఇవ్వట్లేదు. ఆసక్తి ఉంటే ఆ ఇష్యూ మీకోసం అట్టేపెడతాను." రెండు రోజుల తర్వాత ఒప్పుకుంది.

9. బాధ్యత పంచండి, ఒక్కో మెట్టుగా

మూడు నాలుగు ప్యాచ్‌లు పంపి, ఇతరుల ఇష్యూల్లో కూడా మాట్లాడుతున్న మనిషి కనిపిస్తే, వాళ్లు అడిగేదాకా ఆగకండి. చాలామంది ఎప్పటికీ అడగరు. ముందు ట్రయాజ్ పాత్ర ఇవ్వండి, దాంతో లేబుల్స్ పెట్టగలరు, ఇష్యూలు మూయగలరు, కోడ్ మాత్రం మార్చలేరు. గిట్‌హబ్‌లో ఈ పాత్ర ఆర్గనైజేషన్ కింద ఉన్న రిపాజిటరీలకే ఉంటుంది, సొంత ఖాతాలో ఉన్నవాటికి లేదు, కాబట్టి ప్రాజెక్టుని ముందే ఒక ఆర్గనైజేషన్ కిందికి మార్చుకోవడం మంచిది. తర్వాత రివ్యూలు అడగండి. తర్వాత రైట్ యాక్సెస్ (కోడ్ మార్చే హక్కు), మెయిన్ బ్రాంచ్‌కి (ప్రాజెక్టు అసలు కోడ్ ఉండేది) రక్షణ పెట్టి, ఇంకొకరి ఆమోదం లేకుండా మెర్జ్ కాకుండా. రిలీజ్ చేసే హక్కు అన్నిటికంటే చివర.

ఇంత మెట్లు ఎందుకంటే, 2024 మార్చిలో బయటపడ్డ, ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కంప్రెషన్ టూల్ సంగతి గుర్తుండే ఉంటుంది. ఒక ఖాతా రెండేళ్లకి పైగా ఓపికగా మంచి ప్యాచ్‌లు పంపి, అలసిపోయిన మెయింటెయినర్ నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి బ్యాక్‌డోర్ (రహస్యంగా లోపలికి చొరబడే దారి) చొప్పించింది. "కొత్త మెయింటెయినర్‌కి అప్పగించు" అని వేరే ఖాతాలు ఒత్తిడి తేవడం కూడా ఆ కథలో భాగమే. దీన్ని చూసి కొత్తవాళ్లందరినీ అనుమానించడం తప్పు. నాకు అర్థమైనది వేరు: ఒంటరిగా, అలసిపోయి, ఒత్తిడిలో తీసుకునే నిర్ణయం ప్రమాదం. బలవంతంగా తొందరపెట్టేవాళ్లకి తలొగ్గకండి. ఓపిక ఉన్నప్పుడే ఇద్దరు ముగ్గురిని తయారుచేసుకోండి. రిలీజ్ చేయగల ప్రతి ఖాతాకీ టూ-ఫ్యాక్టర్ లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు) ఉండాలి, పైథాన్ ప్యాకేజీలు ఉంచే పైపీఐ అయితే 2024 జనవరి నుంచి దాన్ని అందరికీ తప్పనిసరి చేసింది.

బాధ్యత తీసుకున్నవాళ్లు కొన్నాళ్లకి వెళ్లిపోతారు కూడా. ఉద్యోగం మారుతుంది, ఇంట్లో పనులు పెరుగుతాయి. ఏడాదిపాటు కనిపించకపోతే నేను ఒక మెయిల్ రాస్తాను: రైట్ యాక్సెస్ భద్రత కోసం తీసేస్తున్నాం, మీ పేరు మెయింటెయినర్ల జాబితాలో "గతంలో" అన్న శీర్షిక కింద ఉంటుంది, మళ్లీ రావాలనిపిస్తే ఈ మెయిల్‌కి జవాబివ్వండి, అదే వారం తిరిగి ఇస్తాం. ఇప్పటికి ఇద్దరికి ఆ మెయిల్ పంపాను. ఒకరు వెంటనే థాంక్స్ చెప్పారు. ఇంకొకరు అయిదు నెలల తర్వాత, ఒక ప్యాచ్ జతచేసి జవాబు రాశారు.